కీచకుడి పదవీ విరమణ

మా ఊళ్లో ఒక మగప్రాణికి ఆపరేషన్ చేయిస్తే, దానికి అభ్యంతరం లేని మగవాడు ఒక్కడే తేలాడు. చేయించుకున్నవాడు. వాడు మా పిల్లి.

మాది పెదపారుపూడి. రామోజీరావుగారు పుట్టిన ఊరంటే పక్క జిల్లాల వాళ్లకి కూడా టక్కున తెలుస్తుంది. 1974లో ఆయన విశాఖపట్నంలో పేపరు పెట్టారు గానీ, వార్తలు మోసే విద్య మా ఊరి నీళ్లలో అంతకు చాలా ముందు నుంచే ఉంది. టీకొట్టు దగ్గర ఉదయం ఎడిషను, రామాలయం అరుగు మీద సాయంత్రం ఎడిషను, పాలకేంద్రం దగ్గర రెండు పూటలా జిల్లా అనుబంధం. ఇంట్లో అనుకున్న మాట వీధి చివరికి వెళ్లి, అక్కడ హెడ్డింగు పెట్టించుకుని, మళ్లీ మనింటికే వస్తుంది. గండుపిల్లిని ఆపరేషన్‌కి గన్నవరం తీసుకెళ్దామని మేం వంటింట్లో అనుకున్నది కూడా అలాగే తిరిగొచ్చింది. తిరిగొచ్చేసరికి ఆపరేషన్ నాకని తేలింది. పక్క వీధి మరదలు ఒకావిడ హార్లిక్స్ సీసా పట్టుకుని పరామర్శకి కూడా వచ్చింది. సీసా ఉంచుకుని, సంగతి చెప్పి పంపించాం.

పిల్లి పేరు కీచకుడు. ఆ పేరు మా అమ్మ పెట్టింది. 'నర్తనశాల' 1963లో వచ్చినప్పుడు ఆవిడ కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల. గుడివాడ వెళ్లి చూసొచ్చింది. బృహన్నల వేషం కట్టిన ఎన్టీ రామారావుగారిది పామర్రు దగ్గర నిమ్మకూరు. కీచకుడు వేసిన ఎస్వీ రంగారావుగారు పుట్టింది నూజివీడు. నాట్యం సంగతి చెప్పక్కర్లేదు, కూచిపూడి మాకు కూతవేటు. కాబట్టి మా అమ్మ లెక్కలో విరాటుడి కొలువు మొత్తం కృష్ణాజిల్లాలోనే జరిగింది. ఆ కొలువులోంచి ఒకణ్ని మా పెరట్లోకి తెచ్చుకోవడం ఆవిడకి పెద్ద దూరం అనిపించలేదు.

పేరుకి తగ్గవాడే. ఏడాది నిండేసరికి తల చట్టి పరిమాణానికి వచ్చింది. బుగ్గలు బలిశాయి, మెడ మీద తోలు మందమైంది. గండుపిల్లికి అలా అయ్యేది వృషణాల్లో తయారయ్యే టెస్టోస్టెరాన్ వల్ల. పోట్లాటలో అవతలివాడి కోరలు లోపలికి దిగకుండా అదొక కవచం. ఆ కవచం ఉన్నా, కుడిచెవి కొస ఎవరికో ఇచ్చేసి వచ్చాడు. ఎడమకన్ను మీద ఒక గాటు. పగలంతా వసారాలో ధాన్యం బస్తా మీద పడుకునేవాడు. చీకటి పడ్డాక అసలు ఉద్యోగం.

గండుపిల్లి తిరిగే మేర, ఆడపిల్లి తిరిగే మేరకి రెండు మూడింతలు ఉంటుందంటారు. మావాడు మా వీధితో మొదలుపెట్టి, కాలువ వంతెన దాటి, చేపల చెరువుల గట్ల దాకా తన పాలనలో ఉంచుకున్నాడు. అంత రాజ్యానికి సరిహద్దు రాళ్లు పాతాలి కదా. ఆ పని వాడు నిలబడి, తోక నిటారుగా ఎత్తి, కొసని సన్నగా వణికిస్తూ, వెనక్కి చిమ్మి చేసేవాడు. తులసికోట, మోటారు స్విచ్చిబోర్డు, నా స్కూటరు సీటు, పక్కింటివాళ్ల అల్లుడి కారు చక్రం. ఆ చక్రం మీద మా ఊరి గుర్తు వేసుకుని ఆయన హైదరాబాద్ వెళ్లాడు. అక్కడి పిల్లులకి పెదపారుపూడి రాజ్యవిస్తరణ గురించి ఏమర్థమైందో.

ఆ వాసన గురించి జపాన్ శాస్త్రవేత్తలు కష్టపడి పరిశోధించారు. పాపం, ముక్కులు మూసుకునే చేసుంటారు. పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే గంధకం కలిసిన పదార్థం ఒకటి ఉంటుంది. గండుపిల్లిలో అది బాగా ఎక్కువ. మూత్రం బయటపడ్డాక అది విడిపోయి, గాలిలోకి లేచి, తన యజమాని ఎంత మొనగాడో చాటుతుంది. దానికి మాంసకృత్తులు బాగా కావాలి కాబట్టి, వాసన ఎంత ఘాటుగా ఉంటే వాడు అంత బాగా తిన్నవాడన్నమాట. మా ఇంట్లో వాడికి లోటు చేయలేదని మాకు రుజువు ఆ విధంగా దొరికేది.

ఇవన్నీ భరించాం. పెంకుటింటి మీద అర్ధరాత్రి మల్లయుద్ధాలు భరించాం, పగిలిన పెంకులకి డబ్బులు పెట్టాం. చంటిపిల్ల గొంతుతో వాడు పాడే ప్రేమగీతాలు భరించాం. ఆ పాటకి ఒక కాలమంటూ లేదు. ఆడపిల్లి ఎదకి రావడం పగటి పొడుగు మీద ఆధారపడి ఉంటుంది. చలిదేశాల్లో శీతాకాలం నాలుగు నెలలు సెలవు దొరుకుతుంది. మన వైపు పగలు అంతగా కుంచించుకుపోదు కాబట్టి కచేరీ దాదాపు ఏడాది పొడుగునా నడుస్తుంది.

కానీ వాడు మినుముల మీద పోశాడు.

వరి కోశాక మా చేలల్లో వేసేది మినుము. ఆ ఏడు పంట మంచిది, రేటు ఇంకా మంచిది. ఇంకా పెరుగుతుందని నాలుగు బస్తాలు వసారాలో అట్టేపెట్టాను. అందులోంచి కొంచెం తీసి మా అమ్మ సున్నుండలు చేసి, బందరులో ఉన్న మా అమ్మాయి అత్తవారికి పంపించింది. బందరు వాళ్లకి మిఠాయి గురించి చెప్పడానికి మనం చాలం. తొక్కుడు లడ్డు తిని పెరిగిన నాలుకలవి. వియ్యపురాలు ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, "పిన్నిగారూ, నెయ్యి మీ గేదెదేనా, బయట కొన్నారా?" అని అడిగింది. మా అమ్మ ఫోన్ పెట్టేసి, బస్తా దగ్గరికి వెళ్లి, వంగి వాసన చూసింది. లేచి, "వీడికి చేయించెయ్యండి" అంది.

మా ఆవిడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరైంది. ఈ మండలంలో ఎంతమంది ఆడవాళ్లని ఆపరేషన్‌కి ఒప్పించి, బండెక్కించి, దింపిందో ఆవిడ రిజిస్టర్లకే తెలియాలి. "చేయించెయ్యండి" అన్న మాట మా ఇంట్లో పడితే ఇక అమలు శాఖ ఆవిడదే. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, 1998లో పెట్టారు. అక్కడి ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కుంది. "రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నారండీ. పొద్దున్నే రమ్మన్నారు. గంప ఒకటి చూడండి" అని నాకు డ్యూటీ వేసింది.

గంప కోసం వెళ్లడంతో ఊరు లేచింది.

పిల్లిని పట్టేంత గట్టి గంప మా వీధిలో ఒకరి దగ్గరే ఉంది. సంక్రాంతికి కోడిపుంజులు తయారుచేసే మా బావ దగ్గర. పుంజుకి బాదంపప్పు, కీమా పెట్టి, తను పచ్చడి మెతుకులు తినే మనిషి. సంగతి వినగానే గంప మీద చెయ్యి వేసి, వెనక్కి జరుపుకున్నాడు.

"ఎందుకు బావా అంటున్నానంటే, మళ్లీ ఈ గంప కింద నేను పుంజుని మూయాలి."

"అయితే?"

"అంటుకుంటుందేమో."

ఏది అంటుకుంటుందని నేను అడగలేదు, ఏదో ఆయన చెప్పలేదు. కడిగి ఇస్తానన్నాను. కడిగినా పోదన్నాడు. చివరికి అద్దె కింద రెండొందలు, గంపకి పసుపు నీళ్లతో శుద్ధి నా ఖర్చు అనే షరతుల మీద ఇచ్చాడు.

సాయంత్రానికి రామాలయం అరుగు నిండింది. మా పెద్దబాబాయి అధ్యక్షత. ఆయన వాదన సూటిగా ఉంది: "మగాడన్నాక తిరుగుతాడు. తిరిగినందుకు కోసేస్తే ఊళ్లో ఎవడు మిగుల్తాడు?" అరుగు మీద నలుగురు ఆ ప్రశ్నని పిల్లి పరంగా కాక సొంత పరంగా తీసుకుని సర్దుకు కూర్చున్నారు. ఇదే పెద్దబాబాయి ట్రాక్టర్లు రాకముందు ఏటా కోడెదూడలకి విత్తులు కొట్టించిన రైతు. పడగొట్టి, కాళ్లు కట్టి, పైన నలుగురు కూర్చుంటే, పశువుల డాక్టరు బర్డిజో పటకారుతో పటుక్కున నొక్కేవాడు. ఆ రోజు ఎవరూ అరుగు ఎక్కలేదు. కోడె ఎద్దయితే నాగలి లాగుతుంది, బండి లాగుతుంది. మగతనం పోయినందుకు దాని చేత వెట్టిచాకిరీ చేయించుకోవచ్చు. పిల్లి విషయంలో అలాంటి లాభం ఏమీ కనబడకపోవడంతో పెద్దబాబాయికి ధర్మసూక్ష్మం గుర్తొచ్చింది.

ఆయన దగ్గర రాజకీయ ఆయుధం కూడా ఉంది. అప్పుడే ముఖ్యమంత్రిగారు పిల్లల్ని ఎక్కువమందిని కనమని సభల్లో చెబుతున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడటానికి వీల్లేదని 1990ల నుంచీ ఉన్న నిబంధనని 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. "జనాభా పెంచమని ప్రభుత్వం అంటుంటే మీరు ఎదురు నడుస్తున్నారు" అన్నాడు. ఆ లెక్కన కీచకుడు నిన్నటిదాకా సర్పంచి పదవికి అనర్హుడు. నిబంధన పోయిన నెలలోనే వాడి భవిష్యత్తు కోస్తున్నాం.

పంతులుగారి సందేహం వేరు. పిల్లిని చంపితే కాశీలో బంగారు పిల్లిని దానం ఇవ్వాలని పెద్దలమాట. చంపకుండా కొంచెం తగ్గిస్తే ఎంత బంగారం ఇవ్వాలి? ఆయన మనసులో ఆ 'కొంచెం' బరువు తూస్తున్నట్టు కళ్లు మూసుకున్నారు. ఇంకో శంక: ఆపరేషన్ అయిన పిల్లి ఎదురొస్తే శకునం పూర్తిగా వర్తిస్తుందా, సగమేనా? సగమే అయితే ప్రయాణం మానుకోవాలా, మంచినీళ్లు తాగి వెళ్లొచ్చా? ఈ విషయం మీద శాస్త్రం మౌనంగా ఉందని ఒప్పుకున్నారు.

వాదన ఇలా నడుస్తుండగా మూల కూర్చున్న మా పెదనాన్న, ఎనభై దాటినవాడు, చెవి మిషను సర్దుకుని, "నాకు చేశారు" అన్నాడు.

ఏం చేశారని అందరూ అటు తిరిగారు.

"అదే. డెబ్బయ్యారులో. మీ పెద్దమ్మకి కూడా చాలా రోజులు తెలీదు. డబ్బులిచ్చారు, ఇంటికొచ్చా. మర్నాడు చేలో దిగా."

అరుగు మీద చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. 1976 అంటే ఎమర్జెన్సీ. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. అందులో 62 లక్షల దాకా మగవాళ్లవే. ఉత్తరాదిలో జనం ఆ కోపమంతా 1977 ఎన్నికల్లో ఇందిరాగాంధీ మీద చూపించారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 సీట్లలో 41 ఆవిడ పార్టీకే ఇచ్చింది. పెదనాన్న ఓటు కూడా అటే పడిందట. "మనకి చేసినవాడు నెప్పి లేకుండా చేశాడురా" అని కారణం చెప్పాడు.

అప్పుడు పెద్దబాబాయి కంగారుగా అడిగాడు: "మరి నువ్వు... అప్పట్నుంచీ... బాగానే ఉన్నావుగా అన్నయ్యా?"

ఇక్కడ మా ఆవిడ కల్పించుకోకపోతే ఆ పెద్దమనిషి పరువు అరుగు మీదే వేలం పడేది. పూజకి వచ్చి, గుడి గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. "మామయ్యగారూ, మగవాళ్లకి చేసేది వేసెక్టమీ. పిల్లికి చేసేది అది కాదు. పెద్ద మామయ్యగారికి లాకు దించారంతే. కాలువలోకి నీళ్లు వదలరు, పైన ప్రకాశం బ్యారేజీ నిండుకుండలా ఉంటుంది. పిల్లికి బ్యారేజీయే తీసేస్తారు" అంది.

డెల్టాలో ఇంతకన్నా తేటగా వైద్యశాస్త్రం చెప్పడం ఎవరివల్లా కాదు. వేసెక్టమీలో కోసేది వీర్యకణాలు వెళ్లే నాళాన్ని. టెస్టోస్టెరాన్ నేరుగా రక్తంలోకి వెళ్తుంది కాబట్టి గొంతు, మీసం, కోపం, ఏదీ మారదు. పిల్లికి అదొక్కటే చేస్తే పిల్లలు పుట్టరు గానీ తిరుగుడూ, పోట్లాటలూ, చిమ్ముడూ యథాతథం. అందుకే వృషణాలనే తీసేస్తారు. పెదనాన్న పరువు దక్కింది. అరుగు మీది మిగతావాళ్లు మాత్రం బ్యారేజీ అన్న మాట దగ్గరే ఆగిపోయారు.

మా ఆవిడ అక్కడితో ఆపలేదు. "2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రం చూడండి. పిల్లల్ని కనే వయసులో ఉన్న పెళ్లయిన ఆడవాళ్లు నూరుమందిలో దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లది నూటికి ఒకటి కూడా లేదు. మీ ఇంట్లో మా అత్తగారికి, మీ కోడళ్లిద్దరికీ నేనే దగ్గరుండి చేయించా. అప్పుడు ఈ అరుగు మీద మీటింగు పెట్టినట్టు గుర్తులేదు." కొబ్బరిచిప్ప పట్టుకుని వెళ్లిపోయింది. మీటింగు తీర్మానం లేకుండా ముగిసింది.

చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్లికి వెళ్లకూడదన్నారు పెద్దలు. గంపలో పిల్లిని పెట్టుకుని ఆటోలో వెళ్లకూడదని కూడా అనుంటే బాగుండేది. కీచకుడు ఊరి పొలిమేర నుంచి గన్నవరం దాకా ఒకే శ్రుతిలో అరిచాడు. ఆటో అబ్బాయి దారిలో ఎక్కిన ప్రతివాడికీ సంగతి వివరించాడు. మగవాళ్లు గంప వైపు చూసి, కాళ్లు దగ్గరికి పెట్టుకున్నారు.

ఆపరేషన్ గురించి రాయడానికి పెద్దగా లేదు. మత్తిచ్చారు, చిన్న గాటు పెట్టారు, రెండు గింజలు తీశారు, ముడేశారు. గండుపిల్లికి చాలాసార్లు పైన కుట్టు కూడా వేయరు, గాయం దానంతటదే మూసుకుంటుంది. కుర్ర డాక్టరు బయటికి వచ్చి ముచ్చటగా రెండు జాగ్రత్తలు చెప్పాడు. ఒకటి, కొన్ని వారాల దాకా నాళంలో మిగిలిపోయిన కణాలు ఉంటాయి కాబట్టి ఆడపిల్లుల దగ్గరికి పోనివ్వొద్దు. రెండు, ఇకనుంచి తిండి తగ్గించాలి. "పెద్దమార్పు ఏమీ ఉండదండీ. నడకా, ఆటా, మీ మీద ప్రేమా అలాగే ఉంటాయి. ఆడపిల్లి కోసం చేసే పనులే తగ్గుతాయి" అన్నాడు. ఆ గదిలో ఉన్న మగవాళ్లం, ఆ పనులు తగ్గితే మిగిలేదేమిటా అని ఆలోచిస్తూ బయటికొచ్చాం.

మొదటి వారం ఏమీ తగ్గలేదు. అరుగు సంబరపడింది. "చూశారా, మగాడు మగాడే" అని పెద్దబాబాయి టీ కూడా పోయించాడు. అసలు జరిగేదేమిటంటే, రక్తంలో టెస్టోస్టెరాన్ ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది గానీ, అలవాటుకి ఆ కబురు అందడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. రిటైరైన తాసీల్దారు కొన్నాళ్లు సంతకాలు వెతుక్కున్నట్టే. 1958లోనే అమెరికాలో రోజెన్‌బ్లాట్, ఆరన్‌సన్ అనేవాళ్లు చూశారు: కుర్రతనంలో అనుభవం లేకుండానే ఆపరేషన్ అయిన పిల్లులు ఆ వ్యవహారం పెద్దగా పట్టించుకోలేదు, అనుభవజ్ఞులు మాత్రం ఆపరేషన్ తరవాత కూడా చాలాకాలం ప్రయత్నం మానలేదు. మా కీచకుడి అనుభవం గురించి ఊరికంతటికీ తెలుసు. ఆరేడు నెలల వయసులో చేయించి ఉంటే వాడికి జ్ఞాపకాల భారం ఉండేది కాదు.

నెల తిరిగాక మొదట వెళ్లింది వాసన. మా అమ్మ ప్రతి ఉదయం మినుము బస్తా దగ్గర వంగి, తల ఊపి వచ్చేది. ఫెలినిన్ తయారీకి టెస్టోస్టెరాన్ దన్ను కావాలి. అది లేకపోతే ఉత్పత్తి పడిపోతుంది. తరవాత చిమ్ముడు తగ్గింది. 1973లో కాలిఫోర్నియాలో హార్ట్, బారెట్ అనే పశువైద్యులు ఇలా పెద్దయ్యాక ఆపరేషన్ అయిన గండుపిల్లుల సంగతి యజమానుల్ని అడిగి రాసుకున్నారు. తిరుగుడు, పోట్లాట, చిమ్ముడు, మూడూ పది పిల్లుల్లో ఇంచుమించు తొమ్మిదింటికి తగ్గాయి. కొన్నిటికి వెంటనే, కొన్నిటికి నెమ్మదిగా. పదోది మాత్రం ఏం చేసినా మానదు. మావాడు ఆ తొమ్మిదిలో పడ్డాడు. పెద్దబాబాయి ఆశలన్నీ ఆ పదోదాని మీదే ఉండేవి.

పోట్లాటలు తగ్గడం వల్ల జరిగిన మేలు నేను ముందు ఊహించలేదు. పిల్లులకి ఎయిడ్స్ లాంటి వైరస్ ఒకటుంది. ఎక్కువగా కాట్ల ద్వారానే పాకుతుంది, మనుషులకి రాదు. కొట్లాటలకి పోని గండుపిల్లికి ఆ ముప్పు బాగా తగ్గుతుంది. కీచకుడి మిగిలిన చెవి ఇప్పటికీ మిగిలే ఉంది. పెంకుల ఖర్చు పోయింది.

తిండి మాత్రం డాక్టరు చెప్పినట్టు సాగలేదు. ఆపరేషన్ అయిన పిల్లికి ఒంట్లో ఖర్చు నాలుగో వంతు దాకా తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఖర్చు తగ్గి రాబడి పెరిగినవాడికి ఏమవుతుందో మా డెల్టాలో వేరే చెప్పాలా. పొద్దున చేపల ఆవిడ గంప దించగానే వీడు ఆవిడ కాళ్లకి చుట్టుకునేవాడు. మా అమ్మ నా కళ్లుగప్పి మెత్తళ్లు వేసేది. "చేయించింది నేనే కదరా, ఆ మాత్రం పెట్టకపోతే ఉసురు తగులుతుంది" అనేది. రెండు నెలల్లో వాడి పొట్ట నేలని పలకరించడం మొదలెట్టింది. మా ఆవిడ పాత అంగన్‌వాడీ తక్కెడ తెచ్చి, నెల నెలా తూచి, గోడ మీద క్యాలెండర్లో రాస్తోంది. తూకం పూట వాడు గడ్డివాము ఎక్కుతాడు.

ఇక ఎలుకలు. అరుగు మీద చివరిదాకా నిలబడ్డ వాదన ఇదే: విత్తులు తీసిన పిల్లి ఎలుకని పట్టదు. కోతలయ్యాక చేలల్లో ఎలుకలన్నీ ఊళ్లోకి వలస వస్తాయి. పందికొక్కులు గాదె కింద బొరియలు పెడతాయి. బుట్టలు పెట్టేవాళ్లని పిలిపిస్తే తోకల లెక్కన డబ్బులివ్వాలి. ఆ సీజన్లో అందరి కళ్లూ మా వసారా మీదే ఉన్నాయి. వేటకీ, టెస్టోస్టెరాన్‌కీ సంబంధం లేదు. అది ఆడపిల్లులు కూడా చేసే పని. నిజానికి పిల్లల్ని సాకే తల్లిపిల్లిని మించిన వేటగత్తె లేదు. అది గండుపిల్లుల జాగీరని మగవాళ్లు ఎప్పుడు రాసేసుకున్నారో తెలియదు. రాత్రుళ్లు ఊరు తిరిగే పని లేకపోవడంతో మా కీచకుడు ఇల్లు పట్టుకుని ఉండేవాడు. ఇల్లు పట్టుకుని ఉన్నవాడికి కనబడే ఎలుకలు, ఊరు పట్టుకు తిరిగేవాడికి కనబడవు. పొద్దున్నే చావిడి గుమ్మంలో వరసగా పెట్టేవాడు. ఒకసారి తనలో సగం ఉన్న పందికొక్కుని ఈడ్చుకొచ్చాడు.

అది చూసి మా అమ్మ పేరు మార్చింది. కీచకుడు కాదు, ఇక బృహన్నల. పంతులుగారు మొహం చిట్లించారు గానీ, ఆవిడ ఊరుకోలేదు. "ఉత్తరగోగ్రహణంలో కౌరవుల్ని తరిమింది ఎవరండీ? చీర కట్టుకున్నవాడేగా. గాండీవం జమ్మిచెట్టు మీద ఉంది గానీ, విద్య ఎక్కడికి పోయింది?" అని అడిగింది. వానల కోసం ఇంటింటా విరాటపర్వం చదివించిన ఊళ్లో ఆ మాటకి ఎదురు చెప్పడం కష్టం. పుంజుల బావ మాత్రం ఆ వారమంతా మా వాకిట్లోకి వచ్చి, ఆ పందికొక్కుని చంపింది ఎవరన్నది మళ్లీ మళ్లీ అడిగి పోయాడు. తన పుంజు ఈ సంక్రాంతికి ఓడితే గంప మీద పెట్టుకుందామనుకున్న నెపం బలహీనపడిపోతోందని ఆయన దిగులు.

కథ ఇక్కడ సుఖాంతం కావలసింది. కానీ భారతంలో కీచకుడు పోగానే వరసలో దిగేది ఉపకీచకులు. వ్యాసుడు నూట అయిదుగురని లెక్కపెట్టాడు. మా ఊళ్లో ఇంకా లెక్క తేలలేదు. వాసన ఆగిపోయిన సరిహద్దులు ఖాళీ అయ్యాయని కబురు వెళ్లింది. ఎలమర్రు వైపు నుంచి నల్లటివాడొకడు, చేపల చెరువుల మీదుగా తోక తెగినవాడొకడు వచ్చి, తులసికోట దగ్గర దస్తావేజులు రాసుకుంటున్నారు. మా వాడు గోడ మీద కూర్చుని, పదవి లేని పెద్దమనిషి మాదిరిగా తిలకిస్తాడు. కింద గడ్డివాములో ఎవరిదో ఆడపిల్లి మళ్లీ నాలుగు పిల్లల్ని పెట్టింది. తండ్రి ఎవరైతేనేం, మావాడు లేని లోటు దానికి ఏమాత్రం తెలియలేదు.

గన్నవరం డాక్టరుకి ఫోన్ చేస్తే నవ్వాడు. "ఒక్క గండుపిల్లికి చేయిస్తే మీ ఇంట్లో గొడవ తగ్గుతుంది గానీ ఊళ్లో పిల్లలు తగ్గవండీ. మిగిలినవాడు ఒక్కడు చాలు అందరికీ. ఆడపిల్లి తొమ్మిది వారాలకి ఈనుతుంది, ఏడాదికి రెండు మూడు ఈతలు, ఈతకి నాలుగు. పిల్లలు తగ్గాలంటే ఆడపిల్లులకి చేయించాలి. అది కడుపు కోసి చేసేది, కొంచెం పెద్ద ఆపరేషను. తీసుకురండి" అన్నాడు.

ఆ మాట పట్టుకెళ్లి భయపడుతూనే అరుగు మీద పెట్టాను. పెద్దబాబాయి చుట్ట కూడా తీయకుండా, "ఆడపిల్లికా? శుభ్రంగా చేయించు. దానికేముంది, ఓ పనైపోతుంది" అన్నాడు. పంతులుగారు బంగారం ప్రసక్తే తేలేదు. పుంజుల బావ అయితే అద్దె మాట ఎత్తలేదు. అప్పటికప్పుడు ఇంటికెళ్లి, గంప నెత్తిన పెట్టుకొచ్చి మా వసారాలో దించాడు. "ఎన్నిటికైనా వాడుకోండి అత్తా, మనలో మనకి డబ్బులేంటి" అన్నాడు. వెనకాలే ఆ పెద్దలిద్దరూ కూడా వచ్చారు, సలహాలివ్వడానికి.

మా అమ్మ గంప చుట్టూ ఒక తిరుగు తిరిగి, అంచు పట్టుకుని ఊపి చూసింది.

"ఇంకాస్త పెద్దది తేకపోయావురా. ఇందులో మీరందరూ పట్టరు."